ఎవరూ ఫెయిలు కాని బడి

హేమావతి పదో తరగతి పూర్తి చేసిందని ఓబుళప్ప పొట్టేలు కోశాడు. ఊరంతా వచ్చి కడుపునిండా తిని, పిల్లను దీవించి పోయారు. తీరా చూస్తే ఆ పిల్ల పదో తరగతి గదిలో అడుగైనా పెట్టలేదు. వేళాకోళానికి చెబుతున్నానని అనుకునేరు, కాదు. పెనుకొండకు అవతల గుట్టల నడుమ, వానకు మొహంవాచిన ఒక పల్లెలో 1996లో జరిగిన ముచ్చట ఇది. తిన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, కావలిస్తే పోయి అడగండి.

ఓబుళప్పది గొర్రెల మంద. ఎండలు ముదిరితే మందను తోలుకొని, మేత దొరికిన చోటల్లా ఆగుతూ తనకల్లు దాకా పోయేవాడు. భార్య చౌడక్క శెనక్కాయ కూలికి పోయేది. ఆ ఇంటిలో హేమావతికి ముందు హైస్కూలు గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. ఆ పిల్ల మాత్రం పొద్దున్నే సద్ది కట్టుకొని, రోడ్డు పక్కన ఉన్న హైస్కూలుకు నడిచిపోయేది. బడి పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ కొందరికి కోపాలొస్తాయి, నాకెందుకొచ్చిన గొడవ!

తెలుగు, సోషలు అంటే హేమావతి చెవి కోసుకునేది. లెక్కలంటేనే గుండెల్లో రాయి పడేది. ఆ లెక్కలు చెప్పేది దాసప్ప సారు. మనిషి చెడ్డవాడు కాదు, పిల్లల మీద ఏనాడూ బెత్తం ఎత్తి ఎరగడు. కానీ ఆ బడికి ఒక పేరుండేది. అక్కడ పదో తరగతి రాసినవాళ్ళు రాసినట్టే పాసవుతారని. ఆ పేరు నిలబెట్టడానికి వాళ్ళకొక పద్ధతి ఉండేది. తొమ్మిదో తరగతి పరీక్షలు అయ్యాక, పదిలో పేర్లు ఎక్కించే లోపల, తేలేట్టు కనబడని పిల్లల తండ్రులకు కబురు పోయేది. వచ్చినవాళ్ళకు కుర్చీ వేసేవారు. టీ తెప్పించేవారు. ఆ తర్వాత, బడి మారే పిల్లలకు ఇచ్చే కాగితం, అదే టీసీ, చేతిలో పెట్టేవారు.

"మీ పాపకు ఈ బడి చాలదు ఓబుళప్పా. హిందూపురంలో పెద్ద పెద్ద బడులుండాయి. ఆడ చేర్పించు, బాగుపడుతుంది" అన్నాడు దాసప్ప సారు.

అయివారి ముందు కుర్చీలో కూర్చోవడం ఓబుళప్పకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. కుర్చీ అంచున ఆనీ ఆనకుండా కూర్చున్నవాడికి సగం మాటలు చెవికెక్కలేదు. చేతిలో పడిన కాగితం మాత్రం కళ్ళకు బాగా కనబడింది. ముద్ర ఉంది, సంతకం ఉంది. ఆ పల్లెలో అంతకుముందు టీసీ చేతబట్టుకొని బడినుంచి ఇంటికి వచ్చినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు. ఇద్దరూ పదో తరగతి పాసై వచ్చినవాళ్ళే. ఒకడు బస్సు కండక్టరయ్యాడు, ఇంకొకడు మిలిటరీలో చేరాడు. అందుకని ఆ ఊళ్ళో టీసీ అంటే చదువు గట్టెక్కినట్టు రాసిచ్చే కాగితమే. ఓబుళప్ప ఒక్కడే కాదు, ఊరు ఊరంతా అట్లాగే అనుకునేది.

"నాయనా, పది పరీక్ష నేను రాయనే ల్యాదు గదా?" అంది హేమావతి.

"నీకు అక్కర్లేదేమో పాపా. సారు నవ్వుతానే ఇచ్చినాడు. బాగా సదివేటోళ్ళకు ఇట్లనే ముందే ఇస్తారేమో" అన్నాడు ఓబుళప్ప.

పిల్లకు పద్నాలుగేళ్ళు. ముందర వేడివేడి కూర, చుట్టూ ఊరు ఊరంతా "మా హేమావతి, మా హేమావతి" అని మురిసిపోతుంటే, ఇందులో ఏదో తిరకాసు ఉందని ఏ పిల్ల నోరు తెరుస్తుంది చెప్పండి? తనూ సగం నమ్మేసింది. మరుసటి వారం నుంచి నాయన వెంట గొర్రెల్లోకి పోయింది. చదువుకున్న పిల్ల గొర్రెలు కాస్తోందని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నారు కూడా.

మూడేళ్ళకు గాని అసలు సంగతి బయటపడలేదు. హిందూపురంలో నర్సమ్మల ట్రైనింగుకు పిల్లలను తీసుకుంటున్నారని తెలిసి, తండ్రీకూతుళ్ళు కొత్త బట్టలు కట్టుకొని బస్సెక్కారు. పదో తరగతి పాసైతే చాలట. ఇంకేం కావాలి! ఆఫీసులో కూర్చున్న ఆమె కాగితం తీసుకొని, తిప్పి చూసి, మళ్ళీ వీళ్ళ మొహాలు చూసింది.

"ఇది టీసీ గదమ్మా. మార్కుల జాబితా యాడ?"

"ఇదే మేడం, సారిచ్చింది."

"ఇది బడి వదిలిపెట్టినట్టు ఇచ్చిన కాగితం తల్లీ. పాసైనట్టు కాదు. నువ్వు తొమ్మిదితో ఆపేసినావని ఉండాది ఈడ."

హేమావతి ఆఫీసు గోడ పట్టుకొని నిలబడింది. మూడేళ్ళుగా ఊళ్ళో తనను చూపించి పిల్లలకు బుద్ధులు చెప్పినవాళ్ళంతా కళ్ళముందు కదిలారు. ఓబుళప్పకు మొదట అర్థం కాలేదు. కూతురు విడమరిచి చెప్పాక ఉన్నచోటే చతికిలబడిపోయాడు.

"పొట్టేలు కోస్తినే!" అన్నాడు.

ఇంటికొచ్చాక ఏడ్చింది హేమావతి కాదు, చౌడక్క. ఏడుపయ్యాక కళ్ళు తుడుచుకొని ఆమే తేల్చేసింది. "నిలిచిపోయిన సదువు మల్ల మొదలుబెట్టు. గొర్రెలు నేను సూసుకుంటా." హేమావతి హిందూపురంలో పిన్నమ్మ వెంకటక్క ఇంట్లో చేరింది. పగలంతా అగరబత్తులు చుట్టేది, సాయంత్రం ట్యుటోరియలుకు పోయేది. మొదటిసారి లెక్కలు తప్పింది. రెండోసారి గట్టెక్కింది. ఆ ఊపులో ఇంటరు కూడా పూర్తిచేసి, సొంత ఊళ్ళోనే ప్రాథమిక పాఠశాలలో విద్యా వాలంటీరుగా చేరింది. ఈసారి ఎవరూ పొట్టేళ్ళు కోయలేదు. ఓబుళప్ప మాత్రం మార్కుల జాబితా తెప్పించుకొని, చదవడం రాకపోయినా, చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఊళ్ళోనే మసీదు వీధిలో మొహిద్దీన్ సాబ్ కుటుంబం ఉండేది. ఆయన పరుపులు కుడతాడు. దూది మూట భుజాన వేసుకొని లేపాక్షి దాకా ఊరూరా తిరిగి, పాత పరుపులు విప్పి ఏకి మళ్ళీ కుట్టి వస్తాడు. భార్య అమీనాబీ. పెద్దకూతురు ఫిర్దోస్ అదే హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివేది. ఆ పిల్లకూ లెక్కలంటే హడలే. సాయంత్రమైతే పుస్తకం పట్టుకొని హేమావతి దగ్గరకు వచ్చేది. ఇద్దరూ భయపడుతూనే కలిసి లెక్కలు చేసేవాళ్ళు. ఆ వీధిలో ఆడపిల్లలెవరూ అంతవరకూ పది పూర్తిచేయలేదు. ఈ పిల్లనైనా ఒడ్డున పడేయాలని హేమావతి పట్టుదల.

2006 వానాకాలం మొదట్లో పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. పరీక్ష రాసినవాళ్ళలో ఎందరు పాసయ్యారన్న లెక్క ఇక చాలదట. ఆరో తరగతిలో చేరినవాళ్ళలో ఎందరు పది దాటారో చెప్పాలట. అదీ ఒక్క ముద్దగా కాదు. మగపిల్లలు వేరు, ఆడపిల్లలు వేరు. ఎస్సీలు, ఎస్టీలు, బీసీలు, మైనారిటీలు, ఎవరి లెక్క వాళ్ళకు విడిగా చూపించాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు బడుల హెడ్మాస్టర్లందరినీ పెనుకొండలో మీటింగుకు పిలిచారు. ఊళ్ళల్లో బడి మానేసిన పిల్లల వివరాలు తెచ్చిన వాలంటీర్లనూ రమ్మన్నారు. హేమావతి వెనక వరసలో కూర్చుంది.

ముందు ధర్మవరం వైపు నుంచి వచ్చిన మల్లప్ప అనే హెడ్మాస్టరు లేచి తన బడి లెక్క చదివాడు. చేనేత ఇళ్ళ మగపిల్లల్లో సగానికి కొంచెం పైన పూర్తిచేశారన్నాడు. జిల్లానుంచి వచ్చిన పెద్దాఫీసరు మండిపడ్డాడు.

"సగమా? చెప్పడానికి నోరెట్లా వచ్చిందయ్యా నీకు?"

"ఏడో తరగతి కాంగానే మగ్గం మీద కూర్చోబెడతాండారు సార్. ఇండ్ల చుట్టూ తిరిగి బతిమాలుతానే ఉండాం. ఉన్నది ఉన్నట్టు రాసినా" అన్నాడు మల్లప్ప.

ఉన్నది ఉన్నట్టు రాసినందుకు ఆ పెద్దమనిషికి పడిన చీవాట్లు ఇన్నీ అన్నీ కావు. మెమో కూడా ఇస్తామన్నారు. ఆయన తలవంచుకొని కూర్చున్నాడు. తర్వాత దాసప్ప సారు లేచాడు. ఎక్కడెక్కడో తిరిగి తిరిగి, అప్పటికి అదే బడికి హెడ్మాస్టరై వచ్చాడు, లెక్కలు మాత్రం ఇంకా తనే చెబుతాడు. జుట్టు నెరిసింది గాని నవ్వు అదే.

"బీసీ బాలికలు నూటికి నూరు. ఎస్సీ బాలురు నూటికి నూరు. మైనారిటీ బాలికలు నూటికి నూరు..."

ఏ వర్గం చదివినా నూరే. హాలంతా చప్పట్లు. ఎవరో శాలువా తెచ్చి దాసప్ప సారు భుజాల మీద కప్పారు. అందరితోపాటు హేమావతీ చప్పట్లు కొట్టింది. కొడుతూ కొడుతూ ఉండగా ఆమె చేతులు ఆగిపోయాయి. మైనారిటీ బాలికలా? ఆ బడికి పోయే ఊళ్ళన్నిటిలో ముస్లిముల ఇళ్ళు ఆమెకు తెలుసు. ఆ నెలంతా గడప గడపా తిరిగి వచ్చింది. పది పాసైన ఆడపిల్ల ఒక్కతీ కనబడలేదు. మరి ఈ నూరు ఎవరిది? ఆలోచించకుండానే లేచి నిలబడింది.

"సార్, ఆ మైనారిటీ ఆడపిల్లలు ఎవరు సార్? ఏ ఊరోళ్ళు?"

దాసప్ప సారు నవ్వుతూనే పక్కనున్న గుమాస్తా సురేంద్ర వైపు చూశాడు. సురేంద్ర గొంతు సవరించుకున్నాడు.

"మైనారిటీ ఆడపిల్లలు ఎవరూ రాయలేదు మేడం."

"రాయకపోతే మరి నూరెట్ల వచ్చె?"

"ఎవరూ ఫెయిలు కాలేదు గదా మేడం" అన్నాడు సురేంద్ర. ఆ కుర్రాడి మొహంలో దొంగతనమేమీ లేదు. "గీత పెడితే ఖాళీగా వదిలినారని తిప్పి పంపుతారు. సున్నా పెడితే తిడతారు. ఫెయిలైనోళ్ళు లేరంటే నూరే గదా!"

ఓర్నాయనో! హాలు హాలంతా నోరెళ్ళబెట్టింది. ఎవరో ఒకరు కిసుక్కున నవ్వారు గాని ఆ నవ్వు నిలబడలేదు. పెద్దాఫీసరు లెక్కల కాగితం తనవైపు లాక్కొని చూశాడు. తర్వాత అడిగాడు.

"రాయలేదు సరే. ఆరులో అయితే చేరినారు గదా? ఆ పిల్లలు ఏమైనారు?"

"టీసీలు తీసుకున్నారు సార్. టీసీ తీసుకున్నోళ్ళు వేరే బడిలో ఉన్నట్టు. మన లెక్కలోంచి తీసేస్తాం. రూలు అట్లనే ఉండాది."

"ఏ బడిలో ఉండారు?"

"అది మనకు తెలియదు సార్. మన లెక్కలోకి రాదు."

పదేళ్ళుగా హేమావతి తనకు జరిగింది తన ఇంటి అమాయకత్వం అనుకుంది. చదువురాని నాయన పొరపడ్డాడనుకొని, ఆ సిగ్గును కడుపులో దాచుకొని తిరిగింది. ఇప్పుడు చూస్తే అది ఏటేటా జరుగుతున్న పని. గొర్రెల కాపరుల పిల్లలు, కూలోళ్ళ పిల్లలు, సాయిబుల పిల్లలు, ఎవరు తప్పేట్టు కనబడితే వాళ్ళు ముందే మాయమైపోతున్నారు. ఆ మాయమైనవాళ్ళకు ఇంకో బడి ఉందని లెక్క చెబుతోంది.

"సార్, నేనూ అట్ల పోయినదాన్నే" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "తొమ్మిది కాంగానే మా నాయన చేతికి టీసీ ఇచ్చినారు. మీ లెక్కలో నేను వేరే బడిలో ఉండా. నేను పోయింది గొర్రెల ఎనక సార్."

దాసప్ప సారు ఆమెను గుర్తుపట్టాడు. శాలువా ఒక భుజం మీద నుంచి జారింది, సర్దుకోలేదు.

"ఓబుళప్ప కూతురువా? హిందూపురంలో చేర్పించమని మీ నాయనకు నేనే చెప్పినానే! చేరలేదా నువ్వు?"

అన్నిటికంటే హేమావతిని నిలువునా కోసిన మాట అది. అబద్ధమాడుతున్నాడా అని ఆయన కళ్ళలోకి చూసింది. అబద్ధం లేదు. ఆయన నిజంగానే నమ్మాడు. తను సాగనంపిన పిల్లలంతా హిందూపురంలో పెద్ద బడుల్లో చదువుకుంటున్నారని ఇన్నేళ్ళూ నమ్మి, హాయిగా నిద్రపోయాడు. ఒక్క పిల్ల గురించైనా కనుక్కుందామని ఆయనకు తోచనే లేదు.

పెద్దాఫీసరు టైము చూసుకున్నాడు. లెక్కలు ఆ సాయంత్రమే అనంతపురం చేరాలి. "ఈసారికి ఇట్లే పోనీయండి, వచ్చే ఏడు చూద్దాం" అని సంతకం పెట్టేశాడు. హేమావతికి ఒళ్ళు మండిపోయింది గాని ఎవరిని పట్టుకొని తిట్టాలో తెలియలేదు.

ఆ మంటతోనే ఊరు చేరేసరికి మసీదు వీధి మలుపులో మొహిద్దీన్ సాబ్ ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏమ్మా హేమావతి, నీ పుణ్యమా అని మా పాప సదువు గట్టున పడిందమ్మా! పొద్దున బడికి పిల్సినారు. కుర్చీ ఏసి, టీ ఇచ్చినారు. సారు మీటింగుకు పోయినాడంట, ముందే సంతకం పెట్టి పెట్టినాడంట. ఇంగో, సూడు."

చేతిలో టీసీ. ఫిర్దోస్‌ది.

"ఇది పాసైన కాగితం కాదు సాబ్!" అని హేమావతి రోడ్డు మీదే అరిచినంత పని చేసింది. "పాపను బడిలోంచి తీసేసినారు."

ఆయన నమ్మలేదు. అప్పటికే ఫిర్దోస్‌ను హిందూపురంలో మేనత్త ఇంటికి పంపి పనిలో పెట్టడానికి మాట ఇచ్చేశాడు. చదువు అయిపోయింది కదా, ఇంకా ఇంట్లో కూర్చోబెట్టడమెందుకు? హేమావతి తన కథంతా చెప్పింది. పొట్టేలు సంగతీ చెప్పింది. ఆ విందులో ఆయనా తిన్నాడు మరి! మొహిద్దీన్ సాబ్ అరుగు మీద కూలబడి, "యా అల్లా, అది నాకు తెల్సు గదమ్మా, పదైపోయిందనే కోస్తిరి" అన్నాడు. ఫిర్దోస్ తలుపు వెనక నుంచి అంతా విని బయటికి వచ్చింది. ఏడవలేదు. "నన్ను మల్లా బడిలో ఏయించక్కా. నేను రాస్తా" అంది.

మరునాడు హేమావతి, ఫిర్దోస్, పిల్ల తల్లిదండ్రులు నలుగురూ కలిసి బడికి పోయారు. దాసప్ప సారు మొహం పీక్కుపోయి ఉంది, ఈసారి కుర్చీలు వేయించడం మరిచిపోయాడు. టీసీ వెనక్కి తీసుకోమని హేమావతి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"నిన్నటినించి నాకూ మనసు మనసులో ల్యాదమ్మా. అయినా సెప్తాండా విను. ఈ పిల్ల లెక్కల్లో ఫెయిలవుతుంది. ఫెయిలైతే తిట్లు పడేది ఈ పిల్లకే. దాని మంచికే వద్దంటాండా."

"ఫెయిలు కానీండి సార్" అంది హేమావతి. "ఫెయిలైనోళ్ళు మల్లా రాస్తారు. టీసీ తీసుకున్నోళ్ళు ఏం రాయాల?"

"వచ్చే ఏడు నా రిటైర్మెంటు. ఇన్నేండ్లు ఈ బడిలో ఒక్క పిల్ల ఫెయిలు కాలేదు..."

అంతవరకూ గుమ్మం దగ్గరే నిలబడిన అమీనాబీ కొంగు సవరించుకొని లోపలికి వచ్చింది. ఆమె బడి గదిలోకి రావడం అదే మొదలు.

"సారూ, ఫెయిలయ్యేది మా పిల్ల. తిట్టేది మేము. మధ్యలో మీకు పోయేదేముండాది?"

పోయేదేమిటో ఆ తల్లి ముందు పైకి చెప్పడానికి దాసప్ప సారుకు నోరు రాలేదు. సురేంద్రను పిలిచి, పిల్ల పేరు మళ్ళీ ఎక్కించమన్నాడు. చేర్చుకున్నాడన్న మాటే గాని, ఆ ఏడంతా ఫిర్దోస్ ఎదురుపడితే మొహం పక్కకు తిప్పుకొనేవాడు.

ఆ ఏడు హేమావతి ఇంట్లో లెక్కల పుస్తకం మూయలేదంటే నమ్మండి. చౌడక్క అయితే "ఈ పిల్ల పాసయ్యేలోపల నాకు గుడకా లెక్కలొస్తాయేమో" అని ఎగతాళి చేసేది. మార్చిలో ఫిర్దోస్ పరీక్ష రాసింది. మే నెలాఖరున ఫలితాలొచ్చాయి. అన్నిటిలో గట్టెక్కింది, లెక్కల్లో తప్పింది. ముప్పైయొకటి వచ్చాయి. నాలుగు మార్కులు చాలలేదు.

ఆ బడి చరిత్రలో పదో తరగతి రాసిన మొదటి ముస్లిం ఆడపిల్ల ఆమె. ఫెయిలైన మొదటి పిల్ల కూడా ఆమే. నూరు పోయింది. బజారులో అందరి నోటా ఒకటే మాట, పరుపుల సాబ్ కూతురు బడి పరువు తీసిందని. మొహిద్దీన్ సాబ్ హేమావతి గుమ్మం ముందుకొచ్చి, "నీ మాట నమ్మి బజారున పడితిమి గదమ్మా. పాపను రేపే హిందూపురం పంపిస్తాండా, పనికి" అని పోయాడు. ఆ పిల్లను తానే ముందుకు తోసి ముంచేసిందేమో అని హేమావతి రాత్రంతా కుమిలిపోయింది. తెల్లవారి మసీదు వీధికి పరుగుపెట్టింది.

అక్కడ, పరుపులాయన ఇంటి ముందు మోపెడ్ ఆగి ఉంది. అరుగు మీద దాసప్ప సారు కూర్చొని ఉన్నాడు. తిట్టడానికే వచ్చాడనుకొని హేమావతి బిగుసుకుపోయింది.

"ముప్పైయొకటి వచ్చినాయంట గదమ్మా!" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, దిగ్భ్రమ ఉంది. "నేను పన్నెండో పదిహేనో వస్తాయనుకొంటి. నా సేతులారా లెక్కలు సెప్పిన పిల్ల, దానికి ముప్పైయొకటి వస్తాదని నాకు తెలియకపాయె. ఇట్ల ఎంతమందికి ముప్పైయొకటి వచ్చుండేదో, నలభై వచ్చుండేదో..." అని ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. తర్వాత మొహిద్దీన్ సాబ్ వైపు తిరిగాడు. "జూన్‌లో సప్లిమెంటరీ ఉండాది సాబ్. అంతవరకూ పాపను యాడికీ పంపొద్దప్పా. ఆ నాలుగు మార్కులు నేను సెప్తా."

అన్నమాట ప్రకారం ఎండల్లో మోపెడ్ మీద వచ్చి ఆ అరుగు మీదే చెప్పాడు. మొదట ఫిర్దోస్ ఒక్కతే కూర్చునేది. పోనుపోను ఆమె చెల్లెలు ఫర్హానా, వీధిలోని మరికొందరు ఆడపిల్లలు వచ్చి వెనక చేరారు. జూన్ నెలాఖరుకు దాసప్ప సారు రిటైరయ్యాడు. సన్మాన సభలో నూరు మాట ఎవరూ ఎత్తలేదు. జులైలో ఫిర్దోస్ పాసైంది, లెక్కల్లో నలభై నాలుగుతో. అమీనాబీ వీధిలో అందరికీ చక్కెర పంచింది.

ఇంటరులో చేర్పించాలని హేమావతి ఆ పిల్లను వెంటబెట్టుకొని పెనుకొండకు వచ్చిన రోజే, ఆ ఏటి మీటింగు పడింది. కాలేజీ పని ముగించుకొని ఇద్దరూ హాల్లో వెనక వరసలో కూర్చున్నారు. అదే పెద్దాఫీసరు. దాసప్ప సారు బడికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు లేచి, బిక్కుబిక్కుమంటూ చదివాడు.

"మైనారిటీ బాలికలు... సున్నా సార్."

"సున్నానా?" పెద్దాఫీసరు కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "నిరుడు నూరు గదయ్యా!" అన్నాడు. అన్న తర్వాత ఆ నూరు ఎట్లాంటిదో ఆయనకే గుర్తొచ్చినట్టుంది, గొంతు తగ్గింది. "ఎంతమంది రాసినారు?"

"ఒక్క పాప సార్. మార్చిలో తప్పింది."

"ఆ వైపు ఊళ్ళన్నిటికీ కలిపి ఒక్క పాపా?"

కొత్త హెడ్మాస్టరు తలూపాడు. నూరు ఉన్నన్నాళ్ళూ ఆ వీధుల వైపు తొంగిచూసిన ఆఫీసరు లేడు. ఇప్పుడు ఆ సున్నా ఆయన గొంతులో ముల్లులా దిగింది. అక్కడికక్కడే చెప్పేశాడు. ఆ బడికి ఆడపిల్లల కోసం విడిగా ఒక లెక్కల టీచరును వేయాలి. సాయంత్రం మసీదు వీధిలోనే క్లాసు పెట్టాలి. పిల్ల ఏ బడిలో చేరిందో కాగితం చూపించేదాకా ఎవరికీ టీసీ చెల్లదు. సున్నా ఉన్న బడులకు ముందు, మిగతావాటికి తర్వాత. అదంతా రాసుకోమని గట్టిగా చెప్పాడు.

హేమావతికి మాత్రం ఆ సున్నా దగ్గరే చెవులు మూసుకుపోయాయి. తప్పు! పిల్ల పాసైంది! పక్కనే కూర్చొని ఉంది! సప్లిమెంటరీలో పాసైనవాళ్ళను ఈ లెక్క కలుపుకోలేదు. నిరుడు లేని పిల్లలకు నూరు వేశారు, ఈ ఏడు ఉన్న పిల్లకు సున్నా వేశారు. ఇదేం లెక్క, ఇదేం న్యాయం! లేచి నిలబడి "సార్" అనబోతుండగా, ఫిర్దోస్ ఆమె చెయ్యి పట్టుకొని కిందికి లాగింది.

"కూచో అక్కా. సెప్పొద్దు."

"నువ్వు పాసైనావు గదే! సున్నా అంటాండారు నిన్ను!"

"నేను పాసైంది నాకు తెలుసు గదక్కా. నువ్వు సెప్తే దాన్ని మార్చి మల్లా నూరు ఏస్తారు. నూరు ఏస్తే మా వీధికి టీచరు రాదు. ఫర్హానా ఈ ఏడు ఎనిమిదో తరగతి" అంది ఫిర్దోస్. "ఉండనీ."

హేమావతి ఆ పిల్ల మొహం వంక చూసింది. పదిహేనేళ్ళు దాటాయో లేదో. మెల్లగా కూర్చుంది. ఆ సాయంత్రం పెనుకొండ నుంచి అనంతపురానికి లెక్కలు పోయాయి, మైనారిటీ బాలికలు సున్నా అనే పోయింది.